ఉగాది సభలో సన్మానం ఎవరికి: ప్రజాప్రతినిధులకా, పౌరకార్మికులకా?

ప్రశ్న: రామమూర్తినగర్ నివాసి

బెంగళూరు తూర్పు భాగంలోని మా లేఅవుట్‌లో ఉన్న తెలుగు కుటుంబాలు కలిసి ఏటా ఉగాదికి ఒక సభ జరుపుకుంటాయి. పంచాంగ శ్రవణం, పిల్లల పాటలు, భోజనాలు, వీటన్నిటి నడుమ ఒక సన్మానం ఉంటాయి. ఆ సన్మానం ఇన్నేళ్లుగా స్థానిక శాసనసభ్యునికీ మాజీ కార్పొరేటరుకూ తప్ప మరొకరికి జరగలేదు. ఈసారి కార్యవర్గంలో కొందరం వేరే ప్రతిపాదన తెచ్చాం. మా వీధులు ఊడ్చే పౌరకార్మికులను, ఇంటింటి చెత్త తీసుకువెళ్లే ఆటో డ్రైవరునూ హెల్పరునూ, జలమండలి నీళ్లు వదిలే వాల్వ్‌మ్యాన్‌నూ, ఆశా కార్యకర్తనూ వేదిక మీదికి పిలవాలన్నది ఆ ప్రతిపాదన. 2024 వేసవిలో బోర్లు ఎండి, ఈ వైపు ప్రాంతాలన్నీ ట్యాంకర్ల కోసం పడిగాపులు కాసిన రోజుల్లో, ఏ వీధికి ఏ పూట నీళ్లొస్తాయో మాకు చెప్పినవాడు ఆ వాల్వ్‌మ్యానే. అతని పేరు ఎంతమందికి తెలుసని సమావేశంలో అడిగితే ఒకే ఒక్కరు చెప్పగలిగారు.

అయితే పెద్దల అభ్యంతరాలు రెండు ఉన్నాయి. శాసనసభ్యుణ్ణి పక్కన పెడితే రేపు కాలువ పూడిక తీయించవలసి వచ్చినప్పుడు ఏ ముఖంతో వెళ్తామన్నది మొదటిది. ఇద్దరినీ ఒకే వేదిక మీద సత్కరిస్తే గొడవే ఉండదు కదా అన్నది రెండవది. ఈ రెండవదే నాకు ఎక్కువ సందేహంగా ఉంది, ఎందుకంటే అలా చేసినప్పుడు ఫొటో ఎవరిదవుతుందో మనందరికీ తెలుసు. ఇటువంటి సభలు జరిపిన అనుభవం ఉన్నవారు మీ అభిప్రాయం తెలుపగలరు.

సమాధానం: జయనగర్ నుంచి, పురపాలక ఉద్యోగంలో పదవీ విరమణ చేసినవారు

మీ ప్రశ్నలోనే కొంత జవాబు ఉంది. మీరు సత్కరిస్తూ వచ్చిన కార్పొరేటరు ‘మాజీ’ ఎందుకయ్యారో గుర్తు చేసుకోండి. బెంగళూరులో 198 వార్డులకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2015లో. ఆ పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులో తీరిపోయింది. తరువాత పాలనాధికారుల ఏలుబడి సాగి, 2025 సెప్టెంబరులో పాత మహానగర పాలిక స్థానంలో ఐదు నగరపాలికలు ఏర్పడ్డాయి. ఆ ఐదేళ్లూ వార్డుకు ఎన్నికైన ప్రతినిధి అంటూ లేకుండానే, కరోనా కాలంతో సహా, వీధులు ఊడ్చినవారు ఊడ్చారు, చెత్త ఎత్తినవారు ఎత్తారు. ప్రతినిధులు అక్కరలేదని నా భావం కాదు. కార్పొరేటరు లేని వార్డులో ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలో తెలియక జనం పడిన అవస్థ నేను కళ్లారా చూశాను. అయితే రోజువారీ నగరం ఎవరి భుజాల మీద నడుస్తోందో ఆ ఐదేళ్లు తేల్చి చెప్పాయి.

ఇక శాసనసభ్యుని మాట. ఆయన నియోజకవర్గ నిధి నుంచి బెంచీ వేయిస్తే అది ప్రజల సొమ్ము. దాని మీద పేరు రాయించుకోవడమే ఎక్కువ, దానికి మళ్లీ మనం శాలువా కప్పడం ఇంకా ఎక్కువ. ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధానమంత్రి, భారత ప్రధాన న్యాయమూర్తి తప్ప ఇతరుల ఫొటోలు ఉండరాదని సుప్రీంకోర్టు 2015 మే నెలలో తీర్పు చెప్పింది. మరుసటి సంవత్సరమే ఆ నిబంధనను సడలించి గవర్నర్లకు, ముఖ్యమంత్రులకు, మంత్రులకు చోటు కల్పించింది. ఫొటో మీద మమకారం ఎంత గట్టిదో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. (సభకు ఫ్లెక్సీలు కట్టే ఆలోచన ఉంటే మానుకోండి. బహిరంగ స్థలాలను వికృతం చేయడాన్ని నిషేధించే 1981 నాటి చట్టం కర్ణాటకలో ఇప్పటికీ ఉంది. 2018లో హైకోర్టు గట్టిగా పట్టుకున్న తరువాత నగరంలో వేలకొద్దీ ఫ్లెక్సీలు తొలగించారు.)

ప్రతినిధిని మెచ్చుకోకూడదని నేననను. ఒత్తిడికి లొంగకుండా ఆక్రమణ తొలగించినా, శాసనసభలో మీ ప్రాంతపు నీటి సమస్య ప్రస్తావించినా, ఆ పని పేర్కొంటూ కార్యవర్గం తరఫున ఉత్తరం రాయండి. పదవిలో ఉన్నందుకు ఏటా కప్పే శాలువా కంటే ఆ ఉత్తరానికే ఆయన ఎక్కువ విలువ ఇస్తారు, ఎందుకంటే అటువంటివి వారికి అరుదుగా వస్తాయి.

సమాధానం: హొరమావు నివాసుల సంఘం కార్యదర్శి

పై పెద్దవారి మీద గౌరవంతోనే కొంత విభేదిస్తున్నాను. 2025 మే నెల వానల్లో మా వైపు సాయి లేఅవుట్ మునిగిపోయిన సంగతి అందరికీ తెలిసినదే. మోకాలి లోతు నీళ్లలో దిగి మోటార్లు పెట్టినవారు, వీధుల్లో పేరుకున్న బురద ఎత్తినవారు కింది స్థాయి సిబ్బందే. వారికి ఎంత చేసినా తక్కువే. కానీ రైల్వే మార్గం కింద నీరు పోయే తూము ఇరుకైతే దాన్ని వెడల్పు చేయించడం వారి చేతిలో లేదు. అందుకు రైల్వే వారితో, పాలికతో, ప్రభుత్వంతో మాట్లాడగల ప్రతినిధి కావాలి. ఆయనను ఏడాదికి ఒకసారి మన మధ్య కూర్చోబెట్టుకోవడాన్ని ముఖస్తుతిగా మాత్రమే చూడనవసరం లేదు. మా సభలో ఆయనకు పూలమాల వేసిన తరువాత అరగంట సేపు ప్రశ్నలు అడుగుతాం. మాల లేకపోతే ఆ అరగంట కూడా దొరకదు.

మరొక మాట కొంత చేదుగా ఉండవచ్చు. పౌరకార్మికులను సత్కరించే సంఘాలు చాలా చూశాను. వారి గేటు బయటి డబ్బాలు చూస్తే, ఈ నగరంలో తడి చెత్త, పొడి చెత్త వేరుచేయడం 2012 నుంచే తప్పనిసరి అన్న విషయం వారికి తెలిసినట్టే ఉండదు. పగిలిన గాజు, వాడిన శానిటరీ ప్యాడ్లు కాగితంలో కూడా చుట్టకుండా పడేసి, వాటిని చేత్తో ఏరే మనిషికి ఉగాది నాడు పూలగుచ్ఛం ఇస్తే ఆ మనిషి ఏమనుకోవాలి? ముందు మూడు నెలలు చెత్త సరిగ్గా వేరుచేసి, ఆ తరువాత సభ పెట్టుకోండి.

సమాధానం: యలహంక నుంచి

ఆశా కార్యకర్తల గురించి మాత్రం ఒక మాట చెబుతాను. 2005లో ఆ పథకం మొదలైన నాటి నుంచి వారిని స్వచ్ఛంద సేవకులుగానే లెక్కగట్టి, ప్రధానంగా పనికింత అని ప్రోత్సాహకం ఇస్తూ వచ్చారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశా కార్యకర్తలను అంతర్జాతీయ పురస్కారంతో గౌరవించింది. ఆ తరువాత 2025 జనవరిలో మన రాష్ట్రపు ఆశా కార్యకర్తలే ఫ్రీడమ్ పార్కులో చలికి రాత్రింబవళ్లు కూర్చుని, నెలకు ఖచ్చితమైన మొత్తం ఇమ్మని అడగవలసి వచ్చింది. పురస్కారం వచ్చినంత మాత్రాన జీతం రాదని దీనివల్ల అర్థమవుతోంది. హొరమావు వారు చెప్పిన ఆ అరగంటలో శాసనసభ్యుణ్ణి అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే కావచ్చు.

సమాధానం: ఒక పౌరకార్మికురాలి కుమార్తె

మా అమ్మ అనంతపురం వైపు నుంచి వచ్చి ఈ నగరంలో వీధులు ఊడ్చి మమ్మల్ని చదివించింది. బెంగళూరు పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారన్న సంగతి ఇక్కడి తెలుగువారికే సరిగ్గా తెలియదు. మీ సభకు పిలవబోయేవారు మీ భాషవారే కావచ్చు. కాబట్టి ముందు వెళ్లి తెలుగులో మాట్లాడి చూడండి.

అమ్మను ఒకసారి ఇటువంటి సన్మానానికి పిలిచారు. పది గంటలకు రమ్మన్నారు, ముఖ్య అతిథి ఒంటి గంట దాటాక వచ్చారు. అంతవరకు వారిని వెనుక వరుసలో కూర్చోబెట్టి, ఆయన రాగానే వేదిక ఎక్కించి, శాలువాలు కప్పించి, ఫొటో తీసి, దింపేశారు. ‘మన పౌరకార్మిక సోదరీమణులు’ అన్నారే తప్ప ఒక్కరి పేరూ చదవలేదు. మస్టరింగులో మధ్యాహ్నపు హాజరు పడక ఆ రోజు సగం కూలి పోయింది. శాసనసభ్యుణ్ణి, కార్మికులను ఒకే వేదిక మీద ఉంచడం గురించి మీకున్న సందేహం సరైనదే. తప్పనిసరిగా ఇద్దరినీ పిలవవలసి వస్తే, కార్మికులకు ముందుగా సత్కారం చేయండి, అతిథి కోసం ఆపకండి, అతిథి చేత చేయించకండి. వారి వీధుల్లో ఉండేవారే, అంటే మీరే, చేయండి. వారి పని చూసే మేస్త్రీతో ముందే మాట్లాడి ఆ పూట హాజరు పోకుండా చూడండి.

ఎవరిని పిలవాలన్న విషయంలోనూ ఒక మాట. పారిశుధ్య కార్మికుల స్థితిగతులపై వేసిన 1970ల నాటి సాలప్ప కమిటీ మొదలుకొని ఎన్నో నివేదికలు, ఎన్నో సమ్మెలు గడిచిన తరువాత, 2025 మే 1న ఈ నగరంలో 12 వేల మందికి పైగా పౌరకార్మికులకు శాశ్వత నియామక పత్రాలు అందాయి. ఆ రోజు మా వీధిలో ఎవరూ శాలువాల ఊసు ఎత్తలేదు. కానీ చెత్త ఆటో నడిపేవారు, వెనుక నిలబడి డబ్బాలు అందుకునే హెల్పర్లు, లోడర్లు అప్పటికీ కాంట్రాక్టర్ల కిందనే మిగిలిపోయారు. సెప్టెంబరు 23న పౌరకార్మికుల దినోత్సవం జరిపేటప్పుడు కూడా వీరు ఎవరికీ గుర్తుకు రారు. మీ జాబితా వీరితో మొదలుపెట్టండి. పేర్లు మేస్త్రీని అడిగితే తనకు నచ్చినవారివి చెబుతాడు. ఇంటింటికీ వెళ్లి ‘మీ వీధికి ఎవరు వస్తారు’ అని మీ సభ్యులనే అడగండి. చెప్పలేనివారు మరునాడు పొద్దున గేటు దగ్గర నిలబడి కనుక్కుంటారు.

ఏమి ఇస్తే బాగుంటుందని వారినే అడగండి. అమ్మ తోటివారిలో ఎక్కువమంది అడిగేది ఒకటే: పని జరిగే చోట మరుగుదొడ్డి. ఆడవాళ్లు తెల్లవారకముందే ఇల్లు వదిలి, మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా గడుపుతారు, కారణం వేరే చెప్పనక్కరలేదు. మీ క్లబ్ హౌస్ పక్కన, వాచ్‌మన్ గది దగ్గర ఒకటి ఉండే ఉంటుంది. దాని తాళం తీసి పెడతామని సభలో ప్రకటించండి. చివరిగా, భోజనాల విషయం రాయడానికి సంకోచంగానే ఉంది కానీ రాస్తున్నాను. ఈ పని చేసేవారిలో దాదాపు అందరూ దళితులే. వారికి పొట్లాలు కట్టి పంపకండి. మీ పంక్తిలో, మీ పిల్లల పక్కన, అవే విస్తళ్లలో వడ్డించండి. ఆ ఏర్పాటు చేయలేమనుకుంటే సన్మానం తలపెట్టకండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. నిన్నటి కార్యవర్గ సమావేశంలో ఈ సమాధానాలన్నీ చదివి వినిపించాను. కొన్ని నిర్ణయాలు జరిగాయి. ఉగాది సభలో సత్కారం మా లేఅవుట్ కార్మికులకే ఉంటుంది. శాసనసభ్యునికి విడిగా మరొక ఆదివారం ప్రశ్నోత్తరాల సమావేశం ఏర్పాటు చేసి, నీటి సరఫరా, ఆశా కార్యకర్తల భత్యం, చెత్త ఆటోల కాంట్రాక్టు అన్న మూడు విషయాలు ముందే రాతపూర్వకంగా పంపుతాం. హొరమావు వారు కోరినట్టు మూడు నెలల గడువు లేదు గానీ, చెత్త వేరుచేయని ఇళ్లకు కార్యవర్గ సభ్యులు ఈ వారం నుంచే స్వయంగా వెళ్లి చెబుతారు. మరుగుదొడ్డి తాళం విషయంలో మాత్రం ఇద్దరు సభ్యులు భద్రత పేరుతో అడ్డు చెప్పడం వల్ల తీర్మానం వాయిదా పడింది. వచ్చే సమావేశంలో అది ఓటుకు వస్తుంది. పంక్తి భోజనం గురించి ఎవరూ పైకి అభ్యంతరం చెప్పలేదు, కానీ వంటవారి పద్దు ఖరారు చేసే పని ఎవరు తీసుకుంటారని అడిగితే కాసేపు ఎవరూ ముందుకు రాలేదు. ఆ పని నేనే తీసుకున్నాను.