తెప్ప కట్టడం బొమ్మల్లో ఎలా చూపించాలి? హిలరీ స్టీవర్ట్ పుస్తకాలు చూసినవాళ్లు చెప్పండి

రమణ, భీమిలి:
మాది జాలరిపేట. బడిలో డ్రాయింగ్ చెబుతాను. మా తాత తెప్ప మీద వేటకెళ్లేవాడు. ఇప్పుడు ఊళ్లో అన్నీ ఫైబర్ బోట్లే. తెప్ప కట్టడం వచ్చినవాళ్లు ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ డెబ్బై దాటాయి. వాళ్లుండగానే ఆ పనంతా బొమ్మలుగా వేసి పెట్టాలని నా ఆరాటం. ఫోన్‌లో వీడియో తీశాను కానీ చేతులు అడ్డొచ్చి ఏ తాడు దేని కిందనుంచి పోతోందో తెలియడం లేదు. కెనడా పడమటి తీరంలోని ఆదివాసుల పనిముట్ల మీద స్టీవర్ట్ అనే ఆవిడ బొమ్మల పుస్తకాలు తెచ్చారని విన్నాను. ఆవిడ ఎలా వేశారు?

సుజాత, వాంకూవర్:
రమణ గారూ, వాటిలో రెండు నా దగ్గరున్నాయి. 1977లో వచ్చిన 'ఇండియన్ ఫిషింగ్', 1984 నాటి 'సీడర్'. పేరులో ఇండియన్ అని ఉన్నా అది మన గురించి కాదు. ఆ ఆదివాసులను ఇక్కడ ఇప్పుడు ఫస్ట్ నేషన్స్ అంటారు. రాతా ఆవిడదే, బొమ్మలూ ఆవిడవే.

మీకు పనికొచ్చేవి హాలిబట్ గాలం పేజీలు. హాలిబట్ అంటే సముద్రం అడుగున బతికే పెద్ద బల్లపరుపు చేప. దాని గాలం కర్రతో చేస్తారు. కెల్ప్ అనే సముద్రపు నాచు కాడకు బోలుగా ఒక ఉబ్బు ఉంటుంది. అందులో పుల్ల పెట్టి, రాత్రంతా వేడిలో మగ్గనిచ్చి, మెత్తబడ్డాక వంచి అచ్చులో ఆరబెడతారు. ఆవిడ తయారైన గాలాన్ని ఒక్కదాన్నే వేసి వదిలేయలేదు, చేసే పనిని మెట్టుమెట్టుగా వేశారు. సీడర్ అనే చెట్టు బెరడు ఒలిచేదీ అంతే. చెట్టు మొదలు దగ్గర అడ్డంగా గాటు పెట్టి, అంచు పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగితే పట్ట పైదాకా చీలి వస్తుంది. చెట్టు బతకాలని ఒకటి రెండు పట్టలే తీస్తారు. ఆ మచ్చలున్న చెట్లు ఇక్కడి అడవుల్లో ఇప్పటికీ ఉన్నాయి.

ఇంకో మాట. ఇక్కడ పనులు మరుగున పడటానికి కాలం ఒక్కటే కారణం కాదు. పాట్‌లాచ్ అనే వాళ్ల పెద్ద వేడుకను 1885 నుంచి 1951 దాకా చట్టంతో నిషేధించారు. పిల్లల్ని ఇళ్లనుంచి తీసుకెళ్లి హాస్టల్ బడుల్లో పెట్టారు. అందుకే నేర్పినవాళ్ల పేరు రాయకుండా బొమ్మ అచ్చేస్తే నాకు బాధేస్తుంది. మీరు ఆ ఇద్దరినీ అడిగి, సరేనంటే పేర్లు వేయండి.

అప్పలరాజు, పూడిమడక:
అన్నా, వేట నుంచొచ్చాక దుంగలు ఆరడానికి తెప్ప విప్పేవారు కదా. కట్టేటప్పుడు కాదు, విప్పేటప్పుడు చూడు. తాడు ఒక్కో చుట్టూ వరసగా బయటికొస్తుంది. ముడి ముడికీ వాళ్లు ఏ పేరు చెబితే ఆ పేరే రాయి, పుస్తకం మాటగా మార్చకు.

రమణ, భీమిలి:
నిన్న పొద్దున్నే పెద్దాయన దగ్గరికెళ్లి విప్పమన్నాను. విప్పి, తాడు నా చేతికిచ్చి కట్టమన్నాడు. మూడుసార్లు జారిపోయింది. నాలుగోసారి దుంగ మీద కాలు ఆనించి లాగితే బిగిసింది. నేను వేసిన పన్నెండు బొమ్మల్లో ఆ కాలు ఎక్కడా లేదు. మళ్లీ వేస్తున్నాను. పేరు వేయడానికి ఆయన ఒప్పుకున్నాడు, పక్కన వాళ్ల నాన్న పేరు కూడా రాయమన్నాడు.