గడువు దాటి ఉండిపోవడం ఎంత తప్పు? చర్చకు సాయం కావాలి

గుంటూరు బ్రాడీపేటలో డిగ్రీ పిల్లలకు వలస చట్టాలపై చర్చ పెడుతున్నాం. ఒక్కచోట చిక్కుపడింది. అమెరికాలోకి దొంగచాటుగా సరిహద్దు దాటి వెళ్తే క్రిమినల్ నేరం. విజిటర్ వీసాపై వెళ్లి ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ప్రవేశ పత్రం) తేదీ దాటాక ఉండిపోతే సివిల్ ఉల్లంఘనే. కానీ 1996 చట్టం ప్రకారం, గడువు దాటాక 180 రోజులు మించి ఉండి వెనక్కొస్తే 3 ఏళ్లు, ఏడాది గడిచాక వస్తే 10 ఏళ్లు మళ్లీ అమెరికాలోకి రానివ్వరు. నిషేధం మొదలయ్యేది దేశం విడిచినప్పుడే. పొమ్మనే చట్టమే కాళ్లకు బంధం వేస్తోందన్నమాట! పైగా ఏటా ఇచ్చే ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం కోటా పరిమితి; మనకూ, చిన్న ఐస్‌లాండ్‌కూ అదే.

‘ఏళ్లుగా గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్లకు అన్యాయం కదా’ అనేవాళ్లకు గట్టి జవాబేమిటి? ఉండిపోయినవాడు ఆ కోటాలో నంబరేమీ తీసుకోడు. మరి నష్టం ఎవరికి? చట్టం తెలిసినవాళ్లు రెండు వైపులా వాదనలు చెప్పండి.