దిగుమతి అంటే తేవడమా, దించడమా?

కావలి, జీవశాస్త్రం మాస్టారు:

సభ్యులకు నమస్కారం. ఇంటర్ పిల్లల కోసం కణకేంద్రకం మీద తెలుగులో పాఠం రాస్తూ రెండు మాటల దగ్గర ఆగిపోయాను. ముందు సంగతి చెబుతాను.

కణంలోని ప్రోటీన్లు దాదాపు అన్నీ కేంద్రకం బయట, కణద్రవ్యంలోనే తయారవుతాయి. డీఎన్ఏను చుట్టిపెట్టుకునే హిస్టోన్ల వంటి వాటికి పని మాత్రం లోపల. మధ్యలో రెండు పొరల గోడ, ఆ గోడకు రంధ్రాలు. ఒక్కో రంధ్రం సుమారు 30 రకాల ప్రోటీన్లతో, ఎనిమిది రేకుల పువ్వు ఆకారంలో కట్టిన పెద్ద కట్టడం. చిన్న అణువులు వాటంతట అవే దూరిపోతాయి. బరువు సుమారు 40 కిలోడాల్టన్లు (అణువుల బరువుకు కొలత) దాటితే దారి లేదు. అంతకంటే పెద్దది లోపలికి పోవాలంటే దానికి ఒక గుర్తు ఉండాలి.

ఆ గుర్తు ఎంత చిన్నదో 1984లో తేలింది. ఎస్‌వీ40 అనే కోతి వైరస్‌కు చెందిన ఒక ప్రోటీన్‌లో అది ఏడే ఏడు అమైనో ఆమ్లాలు: ప్రోలీన్, వరుసగా మూడు లైసిన్లు, ఆర్జినిన్, మళ్లీ లైసిన్, వాలీన్. 128వ స్థానంలోని లైసిన్ ఒక్కదాన్ని మార్చితే ప్రోటీన్ బయటే ఉండిపోయింది. అదే ముక్కను కేంద్రకంతో ఏ సంబంధమూ లేని పైరువేట్ కైనేజ్ అనే ప్రోటీన్‌కు అతికిస్తే అది లోపలికి చేరింది.

ఈ ముక్కను ఏమనాలి? నేను రాసుకున్నది ‘కేంద్రక స్థాననిర్ధారణ సంకేతం’. అది పలకడం పూర్తయ్యేలోపు పీరియడ్ గంట కొడుతుంది. రెండోది ‘దిగుమతి’. ప్రోటీన్ లోపలికి పోవడాన్ని ‘కేంద్రక దిగుమతి’ అని బోర్డు మీద రాస్తే, వెనక బెంచీ నుంచి ఒకడు “సార్, కేంద్రకం కిందికి ఉంటుందా, దిగడానికి?” అని అడిగాడు. నవ్వి ఊరుకున్నాను కానీ జవాబు నా దగ్గర లేదు.

నెల్లూరు, బ్యాంకు ఉద్యోగి:

మొదటిదానికి ‘టికెట్’ చాలదా మాస్టారూ? అందరికీ తెలిసిన మాట.

కావలి మాస్టారు:

నాకూ ముందు అదే తోచింది. కానీ టికెట్‌ను గేటు దగ్గర చించేస్తారు. కణంలో అలాంటి గుర్తు వేరే ఉంది. కణం బయటికి పోవలసిన ప్రోటీన్లు ముందుగా అంతర్జీవద్రవ్య జాలంలోకి వెళతాయి. వాటి గుర్తును లోపలికి చేరగానే ఒక ఎంజైము కోసేస్తుంది. దానిని టికెట్ అనండి, ఒప్పుకుంటాను. కేంద్రకానికి పోయే గుర్తును మాత్రం ఎవరూ కోయరు. కారణం కూడా చక్కనిది. మన కణాలు విభజన చెందేటప్పుడు కేంద్రకం గోడ విడిపోతుంది, లోపలి సరుకంతా బయట కలిసిపోతుంది. గోడ మళ్లీ లేచాక ఆ ప్రోటీన్లే తిరిగి లోపలికి పోవాలి. చిరిగిన టికెట్‌తో రెండోసారి ఎవరు రానిస్తారు?

ఒంగోలు, విశ్రాంత తెలుగు పండితురాలు:

‘ఆనవాలు’ ఉండగా సంకేతం ఎందుకు నాయనా? సంకేతం అంటే ఇద్దరూ ముందే అనుకున్న సైగ. ఆనవాలు అంటే ‘నేను ఫలానా’ అని చూపించి నమ్మించేది. హనుమంతుడు సీతమ్మకు చూపించిన ఉంగరం ఆనవాలు, ఆమె తిరిగి ఇచ్చిన చూడామణి ఆనవాలు. పోకకూ రాకకూ చెరొకటి!

హైదరాబాదు, పరిశోధక విద్యార్థి (సొంతూరు ఉదయగిరి):

అమ్మా, మాట బాగుంది. ఒక్క సందేహం. ఉంగరం చేతి నుంచి చేతికి మారుతుంది, పోగొట్టుకోవచ్చు కూడా. ఈ గుర్తు ప్రోటీన్ ఒంట్లోనే భాగం, పుట్టుకతో వచ్చింది. అందుకే నేను ‘పుట్టుమచ్చ’ అంటాను. పదో తరగతి సర్టిఫికెట్ కోసం చొక్కా చేతులు మడిచి మచ్చలు వెతికించుకున్న వాళ్లమే కదా అందరం.

ఈ మాటతో ఇంకో లాభం ఉంది. మచ్చ ఉన్నా చొక్కా కింద ఉంటే కనపడదు. ఎన్ఎఫ్-కప్పాబీ అనే ప్రోటీన్ సరిగ్గా అలాగే బయట కూర్చుని ఉంటుంది. ఐ-కప్పాబీ అనే మరో ప్రోటీన్ దాని గుర్తును కప్పి ఉంచుతుంది. శరీరంలో వాపు పుట్టించే కబురు అందగానే ఐ-కప్పాబీని కణమే నాశనం చేస్తుంది, మచ్చ బయటపడుతుంది, ఎన్ఎఫ్-కప్పాబీ లోపలికి పోయి జన్యువులను మేల్కొలుపుతుంది. ‘కప్పా’లో మన ‘కప్పు’ వినపడటం కాకతాళీయమే, దాని మీద వ్యుత్పత్తులు అల్లకండి.

ఒంగోలు పండితురాలు:

అల్లబోతూ ఆగాను. పుట్టుమచ్చకు నా ఓటు. ఆనవాలును మరో పాఠానికి దాచుకుంటాను.

(మధ్యలో రంధ్రాన్ని ‘తూము’ అనాలని ఒకరు, ‘రేవు’ అనాలని ఇంకొకరు పట్టుబట్టారు. తూములో నీళ్లు ఒకవైపే పారుతాయి, ఇక్కడ రాకపోకలు రెండూ ఒకే దారిన. రేవు నాకు నచ్చింది కానీ పరీక్షలో రాస్తే మార్కు పోతుంది. రంధ్రమే ఉంచాను. – కావలి మాస్టారు)

నెల్లూరు, బియ్యం మిల్లు గుమాస్తాగారి అబ్బాయి:

రెండో మాట సంగతి నేను చెబుతాను. మా నాన్నగారి మిల్లులో ‘దిగుమతి’కి పేపర్లో రాసే అర్థం లేదు. లారీ మీద నుంచి బస్తాలు దించడం దిగుమతి, లారీకి ఎక్కించడం ఎగుమతి. ముఠా కూలీ లెక్క కట్టేది ఈ రెండు మాటలతోనే. ఎగువ, దిగువలలో ఉన్న ఎగు, దిగులే ఇవి. ఏ దేశం నుంచి ఏ దేశానికి అన్న ప్రసక్తే లేదు.

ఉదయగిరి విద్యార్థి:

అన్నా, మీరు చెప్పింది చదివి లేచి నిలబడ్డాను. కేంద్రకంలో జరిగేది అక్షరాలా అదే.

సరుకును లోపలికి మోసే ప్రోటీన్లను ఇంపోర్టిన్‌లు అంటారు. ఇంపోర్టిన్-ఆల్ఫా పుట్టుమచ్చను పట్టుకుంటుంది, ఇంపోర్టిన్-బీటా ఆ ఇద్దరినీ మోసుకుంటూ రంధ్రం దాటుతుంది. అయితే లోపలికి వచ్చినంత మాత్రాన బస్తా దిగదు. దించేది రాన్ అనే చిన్న ప్రోటీన్. డీఎన్ఏను అంటిపెట్టుకున్న ఆర్‌సీసీ1 అనే ప్రోటీన్ దానికి జీటీపీని (కణం శక్తి కోసం ఖర్చుపెట్టే చిన్న అణువును) తొడుగుతుంది కాబట్టి రాన్-జీటీపీ కేంద్రకంలోనే ఎక్కువ. అది వచ్చి బీటాను పట్టుకుంటే సరుకు జారిపోతుంది. దిగుమతి! మరి బయటికి మోసుకుపోయే ఎక్స్‌పోర్టిన్‌లు ఉన్నాయి. వాటికి రాన్-జీటీపీ తోడుంటేనే సరుకు గట్టిగా ఎక్కుతుంది. ఎగుమతి! ఒకే ముఠా ఒక బండికి దించుతుంది, ఇంకో బండికి ఎక్కిస్తుంది. నాకు ఇంగ్లిష్‌లో మూడేళ్లుగా తికమకగా ఉన్న సంగతి ఇది.

ఒంగోలు పండితురాలు:

మరి ముఠాకు కూలి ఎవరిస్తారు? మోటుపల్లి రేవులో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ప్రకారం ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పైలో ఒక వంతు. (మోటుపల్లి మా ప్రకాశం జిల్లాలోనే ఉండేది, 2022లో బాపట్లకు పోయింది. ఆ బాధ వేరు.) ఇక్కడ సుంకం లేదా?

ఉదయగిరి విద్యార్థి:

ఉందమ్మా, కాకపోతే రేవు బయట కడతారు. రాన్-జీటీపీ ఇంపోర్టిన్-బీటాను వదలకుండా అలాగే కణద్రవ్యంలోకి వస్తుంది. అక్కడ రాన్‌గ్యాప్ అనే ప్రోటీన్ దాని జీటీపీని విరగ్గొడుతుంది, బీటా విడుదలై మరో సరుకు కోసం చూస్తుంది. ఒక్కో బీటా తిరిగి రావడానికి ఒక్కో జీటీపీ ఖర్చు. ఆల్ఫాను వెనక్కి తెచ్చే క్యాస్ అనే ప్రోటీన్‌కూ అదే లెక్క.

కావలి మాస్టారు:

అయితే బోర్డు మీద ఇలా రాస్తాను: “పుట్టుమచ్చ ఉన్న ప్రోటీన్‌ను ఇంపోర్టిన్‌లు లోపలికి చేరవేస్తాయి, రాన్-జీటీపీ అక్కడ దిగుమతి చేస్తుంది.” వెనక బెంచీవాడికి రేపు జవాబు చెప్పాలి. బీటా ఖాళీగా తిరగదు, రాన్‌తో పోతుంది కదా, దానికి మిల్లులో ఏమంటారో కనుక్కుని చెప్పగలరా?

గుమాస్తాగారి అబ్బాయి:

రిటర్న్ లోడు, మాస్టారూ. తెలుగు మాట కావాలంటే నాన్నగారు నిద్ర లేచాక అడుగుతాను.