పత్తి, వరి సాగులో కొత్త పద్ధతులు: మీకు నిజంగా పనికొచ్చిన సమాచారం ఎక్కడ దొరికింది?

మధిర_పత్తిచేను
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లా, నాన్న పత్తి వేస్తారు. గులాబీ రంగు పురుగు గురించి ఫోన్లో వీడియోలు చూస్తే ఒక్కొక్కరు ఒక్కో మందు చెబుతున్నారు, చివర్లో ఏదో ఒక డబ్బా చూపిస్తున్నారు. దేన్ని నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మీ చేలో చేసి చూసి, ఫలితం వచ్చినవి చెప్పండి.

ఓరుగల్లు_రైతుబిడ్డ
తమ్ముడూ, మందు సంగతి తర్వాత. ముందు లింగాకర్షక బుట్టలు పెట్టించు, అంటే ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగుల్ని లాగి పట్టేవి. మా ఊరివాళ్లకు కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) శిక్షణలో నేర్పారు. విత్తిన 45 రోజులకల్లా, మొక్క కంటే అడుగు ఎత్తులో కట్టాలి. వరుసగా 3 రోజులు బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగులు పడితేనే మందు గురించి ఆలోచించాలి. మా ఇంట్లో అమ్మ పొద్దున్నే బుట్ట విప్పి, పురుగులు లెక్కపెట్టి, గోడ మీది క్యాలెండర్‌లో రాస్తుంది. ఆ అంకెలు కళ్లముందు ఉంటే, దుకాణంలో ఎవరేం చెప్పినా తొందరపడం. రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డిపూలు కనిపిస్తే ఏరేయండి, లోపల పురుగు ఉంటుంది.

గోదావరి_వరి
మాకు డ్రమ్ సీడర్ (నారు పోయకుండా, మొలకెత్తిన వరి గింజల్ని నేరుగా వరుసల్లో విత్తే పరికరం) గురించి మొదట తెలిసింది రంగా వ్యవసాయ వర్సిటీ వాళ్ల వ్యవసాయ పంచాంగం పుస్తకంలో. అయినా నాన్నకు ధైర్యం వచ్చింది మాత్రం పక్క ఊరి ప్రదర్శన క్షేత్రంలో వరుసలు చూశాకే. పుస్తకంలో ఒక్క వాక్యంగా ఉన్న విషయం అక్కడ చేతికి తెలిసింది. గింజ ముక్కు పగిలితే చాలు, మొలక పొడవైతే రంధ్రాల్లోంచి రాలదు. డ్రమ్ము నిండా పోయకూడదు, మూడింట రెండు వంతులే. దమ్ము చేసిన బురద మడి బాగా చదునుగా ఉండాలి, విత్తేటప్పుడు నీరు తీసేయాలి. నారు, నాట్ల ఖర్చు తప్పుతుంది కానీ కలుపు ఎక్కువ. తొలి రోజుల్లో వేయాల్సిన కలుపు మందు ఆలస్యమైతే లాభమంతా కూలీలకే పోతుంది.

అనంత_వేరుశనగ
నా ఓటు పొలంబడికే. 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో మొదలైన పద్ధతి ఇది. పాఠం చెప్పేవాళ్లు తక్కువ, చూసేది ఎక్కువ. గుంపులుగా చేలోకి దిగి పేనుబంక ఎంత ఉంది, దాన్ని తినే అక్షింతల పురుగులు ఎన్ని, సాలీళ్లు ఎన్ని అని లెక్కపెట్టి, చార్టు మీద బొమ్మ గీసి, మందు కొట్టాలా వద్దా అని అందరూ వాదించుకుంటారు. చదువురాని పెదనాన్నలు కూడా గట్టిగా మాట్లాడేది అక్కడే. అయితే ఆడవాళ్లను పిలవడం మర్చిపోతున్నారు. కలుపు తీస్తూ మొక్కను రోజూ దగ్గర్నుంచి చూసేది వాళ్లే కదా!

జహీరాబాద్_చిరుధాన్యం
నిజం అక్కా. మా దగ్గర మాచనూరు సంఘం రేడియోను 2008 నుంచి దళిత మహిళా రైతులే నడుపుతున్నారు. విత్తనం దాచుకోవడం గురించి మన మాటల్లో, మన మనిషి చెబుతుంటే వినే తీరే వేరు.

గోదావరి_వరి
ఇంకోటి. కిసాన్ కాల్ సెంటర్‌కు (1800-180-1551) తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్ చేసే ముందు పంట వయసు, నేల రకం, చివరిసారి ఏ మందు ఎప్పుడు కొట్టారో రాసి పెట్టుకోండి. "ఆకులు పసుపు పడ్డాయి" అని మాత్రమే చెబితే, నత్రజని లోపమో జింకు లోపమో అవతలివాళ్లకు ఎలా తెలుస్తుంది? పాత ఆకులా, కొత్త ఆకులా అన్నది కూడా చెప్పాలి.

మధిర_పత్తిచేను
అందరికీ ధన్యవాదాలు. వైరా కేవీకే మాకు దగ్గరే. ఈ వారం నాన్నను, అమ్మను ఇద్దరినీ తీసుకెళ్తాను. అన్నా, బుట్టలు బయట కొనొచ్చా?

ఓరుగల్లు_రైతుబిడ్డ
కొనొచ్చు తమ్ముడూ. కానీ ల్యూర్ (బుట్టలో పెట్టే వాసన ఎర) గులాబీ రంగు పురుగుదేనా అని ప్యాకెట్ మీద చదివి తీసుకో. శనగపచ్చ పురుగుకు, పొగాకు లద్దె పురుగుకు వేరేవి ఉంటాయి. అవి పెడితే మనకు కావలసిన పురుగు పడదు. గడువు తేదీ చూసి, ఆ లోపే మార్చు.