ఓరియన్ నెబ్యులా ఎరుపు మామూలు కెమెరాకు ఎందుకు చిక్కట్లేదు?

వంశధార (గుణుపురం):
ఊరి బయట నుంచి ఓరియన్ నెబ్యులా (ఎం42) తీస్తున్నాను. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సి కెమెరా, 50 ఎంఎం లెన్స్, ట్రైపాడ్ ఉన్నాయి, ఆకాశంతో పాటు కెమెరాను తిప్పే ట్రాకర్ లేదు. ఎఫ్/1.8, 8 సెకన్లు, ఐఎస్ఓ 3200 పెడితే నక్షత్రాలు గీతలవుతున్నాయి, నెబ్యులా నడిమి భాగం తెల్లగా మాడిపోతోంది, ఎరుపు లేత గులాబీ దగ్గరే ఆగిపోతోంది. బైనాక్యులర్లో చూస్తే ఉత్త బూడిద రంగు. నెబ్యులా కాంతిని వదిలి మిగతాది ఆపే యూహెచ్‌సీ ఫిల్టర్ కొంటే సరిపోతుందా, సెన్సర్ ముందున్న ఫిల్టర్ తీయించాలా?

చుక్కలదారి (జయపురం):
కెమెరా బాగానే ఉందండి. నెబ్యులా నడిమిన ఉన్న ట్రపీజియం అనే నక్షత్రాల గుంపులోని థీటా-1 ఓరియనిస్ సి అనే వేడి నక్షత్రం అతినీలలోహిత కాంతితో చుట్టూ ఉన్న హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. అవి మళ్ళీ ప్రోటాన్లతో కలిసి మెట్టు మెట్టుగా కిందికి దిగేటప్పుడు 656.3 నానోమీటర్ల ఎరుపు వెలువడుతుంది. కెమెరా లోపలి ఫిల్టర్ దాంట్లో సుమారు పావు వంతే లోపలికి వదులుతుంది. ఆక్సిజన్ ఇచ్చే 500.7 నానోమీటర్ల ఆకుపచ్చ, హైడ్రోజన్ నీలం మాత్రం దాదాపు పూర్తిగా వస్తాయి. అన్నీ కలిసి గులాబీ అవుతుంది. చీకట్లో మన కంటికి ఆ ఎరుపు దాదాపు ఆనదు, కాబట్టి బైనాక్యులర్లో బూడిద రంగే.

ఫిల్టర్ తీయించడం తర్వాత. ముందు ఫోటోలు ఎక్కువ తీసి, అన్నీ కలిపిన మొత్తం ఎక్స్‌పోజర్ పెంచండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మీ లెన్స్‌కి ఒక పిక్సెల్ సుమారు 16 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). ఓరియన్ ఖగోళ మధ్యరేఖ పక్కనే ఉంది కాబట్టి నక్షత్రం సెకనుకి దాదాపు ఒక పిక్సెల్ జరుగుతుంది. 8 సెకన్లంటే 8 పిక్సెళ్ళ గీత. 3 సెకన్లు దాటొద్దు. ఎఫ్/2.8కి తగ్గించండి, అంచుల్లో నక్షత్రాలకు రెక్కలు రావు. ఐఎస్ఓ 1600, రా ఫైల్, లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆఫ్. ఇలాంటివి 800 తీస్తే 40 నిమిషాల కాంతి చేతికొస్తుంది.

పావుగంటకోసారి ఫ్రేమ్ సర్దుకోవాలి, ఆలోపు ఓరియన్ పడమటికి దాదాపు 4 డిగ్రీలు జరిగిపోతుంది. ఫోకస్ ఓరియన్‌లోని మెరిసే నక్షత్రం రిగెల్ మీద లైవ్ వ్యూలో 10 రెట్లు పెంచి చూసి, రింగుకి టేపు వేయండి. లెన్స్ మీది అనంతం గుర్తును నమ్మొద్దు. రాత్రి చలి పెరిగేకొద్దీ ఫోకస్ తప్పుతుంది, అరగంటకోసారి చూడాలి.

నడిమి భాగానికి అర సెకనువి ఓ 30 విడిగా తీసి, స్టాక్ (ఫోటోలన్నీ ఒకటిగా కలపడం) అయ్యాక అక్కడ మాత్రం కలపండి. ఇంకోటి: ట్రపీజియం నాలుగు నక్షత్రాలూ మీ ఫోటోలో ఒకటి రెండు పిక్సెళ్ళలోనే ఇమిడిపోతాయి. అవి విడివిడిగా కావాలంటే టెలిస్కోపే దిక్కు.

సెన్సర్ నాయిస్ తీసేయడానికి డార్క్ ఫ్రేములు 30, లెన్స్ మూత పెట్టి, అదే చలిలో, అక్కడికక్కడే. సిరిల్ లేదా డీప్‌స్కైస్టాకర్ సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ చేసి, ముందు బ్యాక్‌గ్రౌండ్ గ్రేడియంట్ (ఆకాశంలో ఒక వైపు ఎక్కువగా ఉండే వెలుగు) తీసేయండి. అది ఉండగా రంగు లాగితే ఆకాశమంతా గోధుమ రంగులోకి పోతుంది.

వంశధార:
మరి యూహెచ్‌సీ?

చుక్కలదారి:
కంటితో చూడ్డానికి పనికొస్తుంది, టెలిస్కోపు ఐపీస్‌కి బిగించాలి. మీ కెమెరాకి ఇప్పుడే వద్దు. అది ఎరుపును వదిలే రకమైనా లోపలి ఫిల్టర్ ఎలాగూ ఆపేస్తుంది, చివరికి ఫోటో ఆకుపచ్చ-నీలంగా వస్తుంది. పైగా తెల్ల ఎల్‌ఈడీ వీధిదీపాల కాంతి అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది. సోడియం దీపాల కాంతిని ఆపినంత బాగా దాన్ని ఏ ఫిల్టరూ ఆపలేదు.

జనవరిలో అమావాస్య దగ్గరి రాత్రులు చూసుకోండి. రాత్రి పది ప్రాంతంలో ఎం42 మన దగ్గర 65 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఫిబ్రవరి దాటితే కొండల మీద పోడు పొగ మొదలవుతుంది, పలచటి ఎరుపు ముందు అందులోనే పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున ధనుస్సులో ఎం8 (లగూన్ నెబ్యులా) తీయొచ్చు. అదీ నక్షత్రాలు పుడుతున్న మేఘమే, కాకపోతే 47 డిగ్రీలకు మించి పైకి రాదు. దక్షిణాన కొండ అడ్డం లేని చోటు ఇప్పుడే చూసిపెట్టుకోండి.