రాత్రి అప్పజెప్పిన పాఠం వారం తిరిగేసరికి గుర్తుండటం లేదు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, గాజువాక. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, బైపీసీ. కాలేజీలో స్టడీ అవర్స్ అయ్యాక ఇంటికొచ్చి మళ్లీ పుస్తకం పడుతుంది. జువాలజీ పాఠం ఆ రాత్రికి గడగడా అప్పజెప్పేస్తుంది. వీక్లీ టెస్టులో సగం గుర్తురాదు, ఇక టెన్షన్, ఏడుపు. బద్ధకం మాత్రం కాదండీ.

నేనూ కొంత చదివాను. 2006లో రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు విద్యార్థులపై ఒక ప్రయోగం చేశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే మాత్రం, చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మా పిల్ల సంగతి అచ్చం ఇదే అనిపిస్తోంది. కానీ చూడకుండా రాయమంటే "టైమ్ వేస్ట్ నాన్నా, సిలబస్ అవ్వదు" అంటుంది.

దానికి తోడు పక్కనే ఫోన్. డౌట్స్ గ్రూపట! ధ్యాస అటూ ఇటూ పోతుంటే చదివింది బుర్రలో ఎలా నిలుస్తుంది?

ఇంటర్ పిల్లలున్నవాళ్లు, లెక్చరర్లు చెప్పండి: ఇంత బిజీ టైమ్‌టేబుల్‌లో పాత పాఠాలు ఎన్ని రోజులకోసారి తిరగేయించాలి? గొడవ లేకుండా ఫోన్ పక్కన పెట్టించడమెలా? ఆదివారాలు ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి పంపితే ప్రశాంతంగా చదువుకోగలదా? జ్ఞాపకశక్తి టానిక్కులు మాత్రం దయచేసి చెప్పొద్దు.