రాకా కథల వరుసను ఎలా గుర్తించాలి?

కార్టూనిస్టు ప్రాణ్ 1971లో సృష్టించిన చాచా చౌదరి బొమ్మల కథల్లో, చక్రమాచార్యుడనే వైద్యుని మందు తాగి చావులేనివాడైన బందిపోటు రాకా కనిపించే హిందీ సంచికలు ఐదు మా ఇంట్లో ఉన్నాయి. అట్టలు ఊడిపోవడంతో వాటి వరుస తెలియడం లేదు. రాకాను చంపడం చాచాకు తోడుండే మహాకాయుడు సాబూ బలానికి సైతం సాధ్యం కాదు కనుక, చాచా తన బుద్ధితో అతణ్ణి ఎక్కడో ఒకచోట బంధించవలసిందే. నా దృష్టిలో ఈ వైరానికి ప్రాణం అదే. ఒక కథ చివర అతడు చిక్కుకున్న చోటును, మరొక కథ మొదట్లో బయటపడిన చోటుతో పోల్చి మూడింటిని వరుసలో పెట్టగలిగాను. మిగిలిన రెండింటికి ఆ ఆధారం కుదరలేదు. తిరుపతిలోని పాత పుస్తకాల దుకాణాల్లో రెండు ఆదివారాలు, చిత్తూరులో ఒకరోజు వెదికినా అట్టలున్న ప్రతులు దొరకలేదు. లోపలి పుటలను బట్టి ఏ సంచిక ముందుదో చెప్పగలిగే ఆనవాలు ఏదైనా ఉందా?